సైకిల్ దిగాక మళ్ళీ పరుగెత్తాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 43 ఏళ్ళు. విశాఖపట్నంలో హైస్కూలు టీచర్‌ని. ఏడాదిన్నర నుంచి ఉదయం పూట బీచ్ రోడ్డులో నడక, మెల్లగా పరుగు అలవాటు చేసుకున్నాను. మాతో నడిచేవాళ్ళంతా కలిసి ఇంకో ఐదు వారాల్లో సరదాగా ఒక చిన్న డుయాథ్లాన్ పెట్టుకుంటున్నారు. ముందు 5 కిలోమీటర్ల పరుగు, తర్వాత రుషికొండ వైపు వెళ్ళి వచ్చేలా 20 కిలోమీటర్ల సైకిల్, మళ్ళీ రెండున్నర కిలోమీటర్ల పరుగు. బహుమతులేమీ లేవు, చివర్లో అందరికీ ఇడ్లీ, టీ. నేను పేరిచ్చేశాను. మా అబ్బాయి రూటు మ్యాపు గీసి ఫ్రిజ్ మీద అంటించాడు కూడా. కానీ రెండు నెలల నుంచి కుడికాలి మడమ పైన నరం నొప్పి. పొద్దున్నే మంచం దిగితే బాత్‌రూమ్ దాకా కుంటుతూ వెళ్ళాలి. కాసేపటికి సర్దుకుంటుంది. పరుగు మొదలుపెట్టిన ఒక కిలోమీటరుకి నొప్పే తెలీదు, సాయంత్రానికి మళ్ళీ మొదలు. ఇసుక మెత్తగా ఉంటుంది, అందులో పరుగెత్తమని ఒకరు చెబితే రెండు వారాలు చేశాను, ఇంకా ఎక్కువైంది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. మావారు మానేయమంటున్నారు. అమ్మ పుత్తూరు కట్టు వేయిద్దామంటోంది. తోటి టీచర్లు "ఆ రోజు ఒక నొప్పి మాత్ర వేసుకుని కానిచ్చెయ్" అంటున్నారు. చదువుకునే రోజుల్లో ఏ ఆటలోనూ నన్ను తీసుకోలేదు. నాకిదే మొదటిసారి. వెళ్ళాలా, మానాలా?

సమాధానం: వెళ్ళండి. కానీ సైకిల్ దిగాక మళ్ళీ పరుగెత్తకండి. ఆ రెండున్నర కిలోమీటర్లూ నడవండి. ఇది ఆ రోజు చూసుకుందాం అనుకునే విషయం కాదు, ఇవాళే తీసుకోవాల్సిన నిర్ణయం. ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు నరం అంటున్నది నిజానికి నరం కాదు. పిక్క కండరాల్ని మడమ ఎముకకి కలిపే తాడు లాంటి కట్టు. డాక్టర్లు అకిలీస్ టెండన్ అంటారు. మన కథల్లో బోయవాడి బాణం కృష్ణుడి పాదానికి తగిలినట్టే, గ్రీకుల కథలో అకిలీస్ అనే వీరుడికి మడమలో తగులుతుంది. ఆ పేరే దీనికి వచ్చింది. ఒంట్లో ఉన్న టెండన్లన్నిటిలోకీ ఇదే పెద్దది, గట్టిది. గట్టిగా ఎందుకుండాలంటే, పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ మన బరువుకి ఆరేడు రెట్ల భారం దీని మీద పడుతుంది. 5 కిలోమీటర్ల పరుగులో ఒక్కో కాలు దాదాపు మూడు వేల సార్లు నేలని తంతుంది. లెక్క మీరే వేసుకోండి.

మీరు రాసిన లక్షణాలు ఈ టెండన్ నొప్పికి అచ్చు గుద్దినట్టు సరిపోతున్నాయి. పొద్దున బిగుసుకుపోవడం, నడిస్తే సర్దుకోవడం, పరుగులో మాయమవడం, సాయంత్రానికి తిరిగి రావడం. ఇందులో మనిషిని మోసం చేసేది మూడోది. ఒళ్ళు వేడెక్కాక నొప్పి తెలీదు కాబట్టి "తగ్గిపోయింది, ఇంకో కిలోమీటరు వెళ్దాం" అనిపిస్తుంది. తగ్గలేదు, తెలియట్లేదు అంతే. పడిన భారానికి టెండన్ జవాబు చెప్పేది ఆ రోజు కాదు, మర్నాడు. అందుకే పరుగులో నొప్పి ఉందా లేదా అన్నది మీకు కొలత కాకూడదు. మర్నాడు పొద్దున మంచం దిగాక వేసే మొదటి పది అడుగులే కొలత. ఈ ఐదు వారాలూ ఆ పది అడుగుల నొప్పికి సున్నా (నొప్పే లేదు) నుంచి పది (భరించలేనంత నొప్పి) దాకా మార్కులు వేసి, ఫ్రిజ్ మీద ఆ మ్యాపు పక్కనే ఒక కాగితం పెట్టి రాస్తూ రండి. మీరు టీచర్, మార్కులు వేయడం మీకు కొత్తేమీ కాదు.

నేనిలా గట్టిగా చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాంటి ఒక సరదా పోటీకే వెళ్ళాను. అప్పటికి మూడు నెలలుగా ఎడమ మడమ నొప్పి. మొదటి పరుగు బాగానే అయింది. సైకిల్ మీద అసలు కాలే గుర్తుకు రాలేదు. సైకిల్ ఆనించి మళ్ళీ పరుగు అందుకున్నాను. ఒక కిలోమీటరు కూడా అయి ఉండదు, వెనకనించి ఎవరో పిక్క మీద రాయి విసిరినట్టు టప్పున తగిలింది. కోపంగా వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ రోడ్డు. ఎవరూ లేరు. అది రాయి కాదు, టెండన్ కొంత చిరిగిన దెబ్బ. పూర్తిగా తెగలేదు కాబట్టి ఆపరేషన్ తప్పింది. తర్వాత ఏడు నెలలు మునివేళ్ళ మీద లేచి వంటింట్లో పై అరలో డబ్బా అందుకోలేకపోయాను. స్టూలు వేసుకుని ఎక్కాల్సి వచ్చేది. ఆ ఏడాదంతా పరుగు లేదు. ఆ రోజు సైకిల్ దిగి నడిచి ఉంటే మహా అయితే ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరేదాన్ని.

డుయాథ్లాన్‌లో ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. సైకిల్ తొక్కేటప్పుడు ఈ టెండన్ మీద పడే భారం పరుగుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే సైకిల్ మీద హాయిగా ఉంటుంది. కానీ పిక్క కండరం మాత్రం గంటసేపు తొక్కి అలిసిపోతుంది. కండరం అలిసిపోతే అది ఓర్చుకోవాల్సిన కుదుపు కూడా టెండన్ మీదకే వస్తుంది. పైగా కాళ్ళు మొద్దుబారి మన అడుగు మనకే తెలీదు. పక్కన చప్పట్లు, ముందు మనిషిని దాటేయాలన్న ఉత్సాహం. ఆ క్షణంలో నింపాదిగా ఆలోచించి "నడుద్దాం" అనుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా కష్టం. ఇవాళే నిర్ణయించుకోమన్నది అందుకే. ఇంట్లో వాళ్ళకి, మీ గుంపులో ఇద్దరికి ముందే చెప్పి పెట్టండి. నలుగురికీ చెప్పిన మాట తప్పడం అంత సులువు కాదు.

ఇక ఇసుక. విశాఖలో నడిచేవాళ్ళు ఒకరికొకరు ఈ సలహా ఇచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను. మెత్తగా ఉంటే మోకాళ్ళకి మంచిదని. మడమ టెండన్‌కి మాత్రం మెత్తటి ఇసుక పనికిరాదు. ప్రతి అడుగులో మడమ కిందికి దిగబడుతుంది, టెండన్ మామూలు కన్నా ఎక్కువ సాగుతుంది. మళ్ళీ అక్కడినుంచి కాలు పైకి లాగడానికి పిక్క ఇంకా ఎక్కువ పని చేయాలి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా అంటే, అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎత్తులో ఇంకోటి పల్లంలో పడుతుంది. మీకు చెప్పినవాళ్ళు మంచి మనసుతోనే చెప్పుంటారు, కానీ నొప్పి పూర్తిగా పోయేదాకా ఇసుకలోకి దిగకండి. రోడ్డే మంచిది, అదీ చదునుగా ఉన్నచోట. కాళీమాత గుడి నుంచి జలాంతర్గామి మ్యూజియం వైపు ఉన్న చదును రోడ్డు చాలు. తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తు ఎక్కుతూ పరుగు తీయడం ఇప్పుడు వద్దు.

మొదట ఒక పరీక్ష చేసుకోండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి టెండన్‌ని రెండు పక్కలా పట్టుకుని, మడమ ఎముక నుంచి పైకి మెల్లగా నొక్కుతూ రండి. ఎముకకి రెండు మూడు వేళ్ళ ఎత్తులో చురుక్కుమంటే అది టెండన్ నడిమి నొప్పి. సరిగ్గా చెప్పు వెనక పట్టీ ఒరుసుకునేచోట, ఎముక మీదే నొప్పి ఉంటే అది టెండన్ అతుక్కునే చోటి నొప్పి. ఇది తేల్చుకోవడం ముఖ్యం, ఎందుకంటే వ్యాయామం కాస్త మారుతుంది.

1998లో స్వీడన్‌కి చెందిన హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఈ నొప్పికి ఒక వ్యాయామం ప్రచురించారు. ఇవాళ్టికీ ఫిజియోలు దాన్నో, దాని మార్పుల్నో చెబుతుంటారు. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం పెట్టి నిలబడాలి. గోడో రెయిలింగో పట్టుకోవాలి. రెండు కాళ్ళ మీద మునివేళ్ళ పైకి లేవాలి. తర్వాత బాగున్న కాలు ఎత్తేసి, నొప్పి ఉన్న కాలి మీద మాత్రమే మడమని మెల్లగా, ఐదు అంకెలు లెక్కపెడుతూ మెట్టు కన్నా కిందికి దించాలి. పైకి రావడానికి మళ్ళీ రెండు కాళ్ళూ వాడాలి. ఇలా 15 సార్లు, మూడు విడతలు మోకాలు తిన్నగా పెట్టి, మూడు విడతలు కాస్త వంచి, పొద్దునా సాయంత్రం, 12 వారాలు. మీ నొప్పి ఎముక దగ్గరైతే మెట్టు మీద కాకుండా చదును నేల మీదే చేయండి, మడమ నేల కన్నా కిందికి దిగకూడదు.

చదవగానే ఇన్నిసార్లా అనిపిస్తుంది. మొదటి వారం అందులో సగం చేయండి చాలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, భయపడకండి. పదికి మూడు మార్కుల దాకా నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాడు పొద్దుటి మార్కు పెరగనంతవరకు. పెరిగితే ఒక రోజు ఆపి తక్కువతో మొదలుపెట్టండి. ఇంకో మాట దాచకుండా చెప్పాలి. 12 వారాల పని ఐదు వారాల్లో అవదు. పోటీ నాటికి మీ కాలు పూర్తిగా నయమై ఉండదు. కాస్త నెమ్మదిస్తుంది, బలం పుంజుకుంటుంది. నడకకీ, సైకిల్‌కీ, కొద్దిపాటి పరుగుకీ అది సరిపోవచ్చు.

మీ అమ్మగారి మాట నేను తీసిపారేయను. పుత్తూరు కట్టుకి పేరొచ్చింది విరిగిన ఎముకలకి. మీకు విరిగిందేమీ లేదు. కట్టు కట్టి కాలు కదలకుండా ఉంచితే టెండన్ ఇంకా బలహీనపడుతుంది, దానికి కావాల్సింది కొలతగా పని పెట్టడం. అమ్మగారికి ఈ ముక్క చెప్పి, కావాలంటే సాయంత్రం ఉప్పు కాపడం పెట్టమనండి. హాయిగా ఉంటుంది, హాని లేదు. గట్టిగా నూనె పట్టించి నొప్పి ఉన్నచోటే పిసకడం మాత్రం వద్దు.

నొప్పి మాత్ర విషయంలో మీ తోటి టీచర్లతో నేను ఏకీభవించను. ఆ రోజు మీకున్న ఒకే ఒక్క హెచ్చరిక ఆ నొప్పి. దాన్ని నోరు మూయించి పరుగెత్తడమంటే కళ్ళకి గంతలు కట్టుకుని ఘాట్ రోడ్డు దిగడమే. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకుని, చెమటలు కక్కుతూ, నీళ్ళు చాలక పరుగెత్తితే కిడ్నీల మీద కూడా భారం పడుతుంది. విశాఖ ఉక్కపోత సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మడమ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే వారంలో తగ్గిపోతుందని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి, టెండన్ తెగే ప్రమాదం పెరుగుతుంది.

దీనికన్నా ముఖ్యంగా ఒకటి అడగాలి. ఈ రెండు మూడు నెలల్లో విరేచనాలకో, మూత్రంలో మంటకో, దగ్గుకో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు వాడారా? మన దగ్గర మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసేసుకోవడం మామూలైపోయింది. ఈ రకం యాంటీబయాటిక్స్ టెండన్లని, అందులోనూ ఈ మడమ టెండన్‌ని దెబ్బతీస్తాయి. ఒక్కోసారి మందు ఆపేసిన కొన్ని నెలలకి కూడా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే వీటి పెట్టెల మీద గట్టి హెచ్చరిక ఉండాలంది. వాడి ఉంటే నేను పైన చెప్పిన "వెళ్ళండి" వెనక్కి తీసుకుంటున్నాను. ముందు డాక్టర్ని కలవండి, పరుగు పూర్తిగా ఆపండి. ఎలాగూ వెళ్తారు కాబట్టి షుగరు, కొలెస్ట్రాలు కూడా చూపించుకోండి. రెండూ టెండన్లని పాడుచేసేవే, 43 ఏళ్ళకి చూపించుకోవాల్సినవే.

ఎప్పుడైనా నాకైనట్టు టప్పుమన్న దెబ్బ తగిలి, మునివేళ్ళ మీద లేవలేకపోతే రేపు చూద్దాం అనుకోకండి. మంచం మీద బోర్లా పడుకుని పాదాలు అంచు బయటికి పెట్టి, ఎవరినైనా పిక్క నొక్కమనండి. పాదం కదలాలి. కదలకపోతే టెండన్ తెగిందని అనుమానించి అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పిక్క మొత్తం వాచి, వేడిగా, ఎర్రగా ఉన్నా ఆగకూడదు, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు.

మిగతా రోజుల్లో మీరు స్కూల్లో గంటలకొద్దీ నిలబడతారు కదా, ఏ చెప్పులతో? అడుగు పల్చగా, పూర్తి చదునుగా ఉన్న చెప్పులు ఈ నెల పక్కన పెట్టండి. మడమ దగ్గర ఒక సెంటీమీటరు ఎత్తున్న మెత్తటి చెప్పులు వేసుకోండి. ఇంట్లో టైల్స్ మీద వట్టి కాళ్ళతో తిరగకండి, ఇంటి కోసమే ఒక శుభ్రమైన జత ఉంచుకోండి. పరుగు బూట్లలో రెండు కాళ్ళకీ మడమ కింద చిన్న మెత్త పెట్టుకోవచ్చు. ఒక్క కాలికే పెడితే నడుం నొప్పి రావచ్చు.

పరుగు వారానికి మూడు రోజులు మించొద్దు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. రెండు నిమిషాలు మెల్లగా పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం 20 నిమిషాలతో మొదలుపెట్టండి. ఖాళీ రోజుల్లో సైకిల్. ఈ నెలలో మీ ఊపిరిని, గుండెని నిలబెట్టేది సైకిలే. సీటు ఎత్తు సరిచూసుకోండి: పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ పెట్టి చూస్తే మోకాలు దాదాపు తిన్నగా ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే ప్రతి చుట్టుకీ మడమ దిగబడి టెండన్ సాగుతుంది, మరీ ఎత్తుంటే వేళ్ళతో అందుకోవాల్సి వస్తుంది. తొక్కేటప్పుడు పెడల్ వేళ్ళ మొదట్లో కాకుండా పాదం మధ్యకి వచ్చేలా పెట్టండి. చూడ్డానికి కాస్త వింతగా ఉంటుంది, కానీ పిక్కకి పని బాగా తగ్గుతుంది. తెన్నేటి పార్కు ఎత్తు, ఆ తర్వాత రుషికొండ దగ్గరి ఎత్తు చిన్న గేరులో, కూర్చునే ఎక్కండి. సీటు మీంచి లేచి తొక్కొద్దు.

పోటీకి సరిగ్గా వారం ముందు ఆదివారం తేల్చుకోండి. నొప్పి ఉన్న కాలి ఒక్కదాని మీద 15 సార్లు మునివేళ్ళపైకి లేవగలగాలి. అదే కాలి మీద పది చిన్న గెంతులు వేస్తే నొప్పి మూడు మార్కులు దాటకూడదు. అంతకు ముందు వారమంతా పొద్దుటి మార్కు రెండుకి మించి ఉండకూడదు. మూడూ కుదిరితే మొదటి 5 కిలోమీటర్లు పరుగు-నడక కలిపి చేయండి. ఏ ఒక్కటి కుదరకపోయినా మీరు సైకిల్ మాత్రమే తొక్కాలి, పరుగు భాగాలు మీ స్నేహితురాళ్ళలో ఎవరైనా తీసుకోవాలి. పెద్ద పోటీల్లోనే ఇద్దరు కలిసి చేసే రిలే ఉంటుంది, మీ సరదా పోటీలో కాదంటారా? కాకపోతే ఆ రోజు ఉదయం కాదు, ఇప్పుడే అడిగి పెట్టండి. వాళ్ళకీ ఏర్పాట్లు ఉంటాయి.

ఆ రోజు అందరికన్నా వెనక వరసలో నిలబడండి. మొదటి పది నిమిషాలు నడకే. ఎవరు దాటిపోయినా పోనివ్వండి. సైకిల్ దిగాక గబుక్కున పరుగు అందుకోకుండా, సైకిల్ నిలబెట్టి, ఒక నిమిషం ఆగి, నీళ్ళు తాగి, నడక మొదలుపెట్టండి. మీ అబ్బాయిని అక్కడే నిలబడి ఉండమని చెప్పండి. రెండున్నర కిలోమీటర్లూ వాడు మీ పక్కన నడుస్తాడు. మీరు పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపే పని వాడిది. మ్యాపు గీసినవాడికి ఆ హక్కుంది.

స్కూల్లో ఏ ఆటలోనూ తీసుకోలేదని రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మావారు మానేయమంటున్నారన్నారు కదా, ఆయనకి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆయన భయం కాలి గురించి. నడుస్తారని తెలిస్తే బహుశా ఆయనే సైకిల్‌కి గాలి కొట్టించుకొస్తారు.

పోటీ అయిన మర్నాడు, సోమవారం పొద్దున, మంచం దిగాక ఆ మొదటి పది అడుగులకి ఎన్ని మార్కులు వేశారో నాకు రాయండి.